మూడురోజుల తట్టు

మూడే రోజులు.
చెవుల వెనక ఎర్రటి పూత, కాస్త నలత,
మెడ పక్కన చిక్కుడుగింజంత బిళ్ళలు.
ఇస్త్రీగది ఆవిరికి పేలిన
చెమటకాయలనుకున్నాను.

కొజాలో, అమెరికా సైనికుల బట్టలుతికే చోట
ఆ ఏడు నా పని.
పూటకి నూటనలభై చొక్కాలు. గంజి. మడత.
సెలవంటే కూలి కోత.
నుదుటికి తడిగుడ్డ చుట్టుకుని నిలబడ్డాను.
కడుపులో నీకప్పటికి ఏడు వారాలు,
ఉన్నావని నాకే సరిగ్గా తెలీదు.

దాన్ని మూడురోజుల తట్టంటారని తర్వాత చెప్పారు.
తలుపు తట్టింది, లోపలికొచ్చింది,
చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళిపోయింది.
నాకు మాత్రం ఏమీ తట్టలేదు.

పెంకులు అదిరేలా విమానాలు వెళ్ళేవి మన ఇంటి మీదుగా.
వీధి వీధంతా పసివాళ్ళు గుక్కపట్టేవాళ్ళు.
నువ్వు నిద్రలో పెదవి చప్పరించేదానివి.
"ఎంత బుద్ధిమంతురాలే నీ కూతురు!" అనేది పక్కింటి ఉషీ అవ్వ,
తన మనవణ్ణి భుజాన జోకొడుతూ.
నేను పొంగిపోయాను, నాగిసా.
ఆ పొంగుని ఎక్కడ దాచుకోవాలో
ఇప్పటికీ తెలీదు.

ఎనిమిదో నెలలో గంజిగిన్నె మూత జారి
నీ వెనకే రాతిగచ్చు మీద పడింది.
గిరగిరా తిరుగుతూ తిరుగుతూ
నీ కళ్ళముందుకొచ్చాక
ఆ మెరుపు చూసి నవ్వావు.
ఆ నవ్వుకి నా కాళ్ళలో నీళ్ళు దిగాయి.

నాహా ఆస్పత్రి నడవాలో, పొడుగాటి బల్ల మీద
పదకొండుమందిమి.
చేపలమ్మే ఆవిడ, పంతులమ్మ,
చెరకు కొట్టే అక్కచెల్లెళ్ళిద్దరు.
ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. పెదవులు మాత్రం కదిలాయి,
వేళ్ళమీద నెలలు వెనక్కి లెక్కపెడుతూ.
అందరి వేళ్ళూ ఆ చలికాలం చివరే ఆగాయి.
ఒకామె బిడ్డకి గుండెలో చిల్లు కూడా.
ఆమె ఏ లెక్కా పెట్టలేదు.

తర్వాత మీకోసం ఒక బడి.
ఒకే ఈడు పిల్లలు.
మీకు ముందు తరగతి లేదు, మీ వెనక తరగతి లేదు.
మీరు పై గదికెక్కిన కొద్దీ
కింది గదులకి తాళాలు పడేవి.
గంట బదులు ఎర్రదీపం వెలిగేది.
మీ చదువయిన రోజునే బడికీ చదువు చాలింది.
చిన్నబల్లల్ని లారీకెత్తుతుంటే చూశాను,
ఒకదాని మీద గోటితో గీసిన పీత. నీదేనా?

నీ పన్నెండో ఏట సూదికి చీటీ వచ్చింది,
ఆడపిల్లలంతా వేయించుకోవాలని.
నర్సు నీ నెత్తురు పరీక్ష కాగితం చూసి
"ఈ పిల్లకి అక్కర్లేదు" అంది.
పన్నెండేళ్ళు ఆలస్యంగా వచ్చిన సూది
మన గుమ్మం దాకా వచ్చి
దండం పెట్టి వెనక్కిపోయింది.

ఇదంతా నీకు తెలిసిందే.
నా చేతులకి ఇంత మాట రాదు, అందుకే కాగితం.
మొన్నటి సంగతి రాద్దామని కూర్చుని
చుట్టూ తిరుగుతున్నాను.

మొన్న నీ పద్దెనిమిది రోజుల పాప నిద్రపోతుంటే
పెంకులు అదిరాయి.
పాప ఉలిక్కిపడింది, చేతులు విదిలించింది,
మొహం కందగడ్డలా చేసుకుని ఏడ్చింది.
పాతికేళ్ళు నేను శాపనార్థాలు పెట్టిన చప్పుడుకి
మొదటిసారి చేతులు జోడించాను.

నువ్వు చూస్తున్నావు.
నీ వేళ్ళు మెల్లగా, నాకర్థం కావాలని మరీ మెల్లగా, అడిగాయి:
"నాలా లేదనేనా, అమ్మా, ఇంత సంతోషం?"

నా చేతులు గాల్లోకి లేచాయి.
అక్కడే ఉండిపోయాయి.

అవునంటే నువ్వు,
కాదంటే అబద్ధం.
మూడో మాట ఏదో ఉండాలి. రెండు రాత్రులు వెతికాను.
దొరికితే మళ్ళీ రాస్తాను.

పాపకి పాలు పట్టాక చదువుకో.
తీగ మీద గుడ్డలున్నాయి, పడమట మబ్బేసింది,
తీసెయ్.